తెప్ప కదలని రేవు

1881 ఫిబ్రవరి 9, బుధవారం

బ్రిస్టల్ నుంచి మిస్ డోర్కస్ వెంబ్రీ ఉత్తరం వచ్చింది. లేత నీలం కాగితం, పైన కమిటీ ముద్ర. బానిసల విముక్తి కోరే ఆడవాళ్ళ కమిటీకి ఆవిడ కార్యదర్శి. బ్రెజిల్ తీరాన మా సావ్ బ్రాస్ రేవులోనూ ఒక విముక్తి సంఘం ఉంది. అందులో ఇంగ్లీషు రాయగలిగేది నేనొక్కదాన్నే. అందుకని నాకు రాస్తుంది.

ఈసారి ఆవిడకి ఒక బానిస స్త్రీ కన్నీటి గాథ కావాలట. రెండు పేజీలు మించకూడదు. డ్రాయింగ్ రూములో పెళ్ళికాని అమ్మాయిలు కూడా ఉంటారు కనుక మొరటు సంగతులు వద్దు. చివర్లో దేవుడి మీద నమ్మకం కనిపిస్తే మేలు.

మొరటు సంగతులు తీసేస్తే ఇక రాయడానికి మిగిలేది ఎండావానలే.

పిల్లల పలకలు దిద్దుతూ ఒకటి పగలగొట్టాను.

ఫిబ్రవరి 10

ఇనాసియాని అడిగాను. ఆమె పొద్దున్నే నా బడి అరుగు మీద కూర్చుని కర్రపెండలం అట్లు పోసి అమ్ముతుంది. వచ్చిందంతా యజమానురాలు దోనా కార్లోటాకి. నేను బడి నడిపే ఈ ఇల్లు కూడా ఆవిడదే, అద్దెకుంటున్నాను. ఇనాసియా కూతురు రుఫీనాకి ఎనిమిదేళ్ళు. పదేళ్ళ కిందటి చట్టం ప్రకారం ఆ పిల్ల పుట్టుకతోనే స్వతంత్రురాలు. తల్లి కాదు. స్వతంత్రురాలైన పిల్ల దోనా కార్లోటా కాళ్ళు పిసికి, అంట్లు తోమి, ఆ తర్వాత నా దగ్గరకొచ్చి అక్షరాలు దిద్దుతుంది.

సంగతి చెబితే ఇనాసియా పెనం మీద నుంచి తల ఎత్తలేదు.

"నా ఏడుపు ఇంగ్లండు అమ్మగార్లకి దేనికంట? టీలో కలుపుకుంటారా?"

"నీ మీద జాలి పడతారు."

"జాలి మా దొరసానికి మాత్రం లేదా? కొట్టినాక నూనె ఆవిడే రాస్తది."

"మరేం రాయమంటావే?"

"ఇనాసియా అట్లు బాగా పోస్తదని రాయండి. ఈ రేవులో ఇంత పలచగా ఎవరూ పొయ్యలేరని రాయండి. ఆ అమ్మగారి వంటమనిషికి జీతం ఇస్తారా, తిడతారా అడగండి. నా మొగుడి పేరు లూర్దినో. కరువులో పోయాడు. రోగంతో అని దొరసాని అంటది. కాదు, ఆకలితోనే పోయాడని రాయండి. ఇంక చాలు. రెండు పేజీలు మించితే చింపేస్తారేమో."

అన్నది అన్నట్టే రాశాను. కింద నా ప్రశ్న ఒకటి చేర్చాను: కమిటీ మీటింగులో మీరు తాగే కాఫీ ఏ దేశానిదండీ?

ఫిబ్రవరి 12

సంఘం అధ్యక్షులు అనాక్లెతో గారు మందుల షాపులో కళ్ళజోడు పెట్టుకుని నా చేత ఉత్తరం చదివించుకున్నారు. మంచాయనే. ఎవరికీ కోపం రాకుండా బానిసత్వం పోవాలని ఆయన కోరిక.

"ఉర్సులినా గారూ, ఇదేమిటండీ! ఒక్క కన్నీటి చుక్క లేదు."

"అడిగానండీ. ఆమె దగ్గర లేవట."

"కాఫీ సంగతి తీసేయండి. చుట్టానికి భోజనం పెట్టి ముద్దలు లెక్కపెట్టినట్టుంది."

సంఘం ముద్ర వెయ్యనన్నారు. ముద్ర లేకుండానే పోస్టు చేశాను.

ఫిబ్రవరి 27, ఆదివారం

గోడిన్యో అనే వ్యాపారి ఊళ్ళో దిగాడు.

ఫోర్తలేజా పట్నంలో జనవరి నుంచి తెప్పలవాళ్ళు బానిసల్ని ఓడల దగ్గరికి మొయ్యడం మానేశారు. అక్కడైనా ఇక్కడైనా ఓడ ఒడ్డుదాకా రావడం కుదరదు. దూరాన లంగరు వేసుకుంటే మనిషైనా మూటైనా తెప్ప మీదే వెళ్ళాలి. పట్నంలో దారి మూసుకుపోయింది కనుక గోడిన్యో మా చిన్న రేవు వెతుక్కుంటూ వచ్చాడు. మూడేళ్ళ కరువు తర్వాత ఇక్కడి యజమానుల దగ్గర పశువులు లేవు, పత్తి లేదు. అమ్ముకోవడానికి మనుషులే ఉన్నారు. దక్షిణాన కాఫీ తోటలవాళ్ళు ఎంతమందినైనా కొంటారు.

ఉప్పు కొట్టం అద్దెకి తీసుకున్నాడు. చర్చి పూజలో ముందు వరసలో కూర్చుని నా వైపు తిరిగి తల ఊపాడు. నేను గోడ వైపు చూశాను.

మార్చి 6, ఆదివారం

మా సంఘం రాసిన ఉత్తరానికి లండన్ విముక్తి సంఘం పెద్దమనుషుల జవాబు వచ్చింది. మందుల షాపు వెనక గదిలో మీటింగు. చదివి మా భాషలో చెప్పాల్సింది నేను.

అభినందనలు ఒక పేజీ. తర్వాత సలహా. ఓపిక పట్టండి. అర్జీలు పెట్టండి. యజమానుల న్యాయమైన హక్కులకి భంగం కలిగించకండి. అల్లర్లకి చోటివ్వకండి.

చప్పట్లు కొట్టారు. కాగితం బల్ల మీద పెట్టి, దీనికి జవాబు నేను రాయనన్నాను.

అనాక్లెతో గారు మెల్లగానే అన్నారు. "అమ్మా, మీరు అనువాదకురాలు మాత్రమే."

మాత్రమే. ఆ మాట దారంతా నమిలాను.

మా అవ్వ ఈ సముద్రం దాటే వచ్చింది, ఓడ అడుగున. ముప్పై ఏళ్ళు చాకిరీ చేసి తనని తాను కొనుక్కుంది. మా అమ్మ ఇంగ్లీషు పత్తి వ్యాపారి ఇంట్లో వంట చేసేది. ఆ ఇంట్లో బల్లల కింద ఆడుకుంటూ నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు, మర్యాద కోసం. ఎత్తమనండి. నేనే ముందు చెబుతాను.

మార్చి 9

రేవులోకి ఇంగ్లీషు స్టీమరు వచ్చింది, తోళ్ళ కోసం. గోడిన్యో తెప్ప ఎక్కి దాని మీదకి వెళ్ళి, నవ్వుతూ దిగాడు. వచ్చే నెల ఇదే ఓడలో తన సరుకు దక్షిణానికి వెళ్తుందని సారా కొట్లో చెప్పాడట.

ఓడలకి దారి చూపే పైలట్ దగ్గర దుర్భిణి అడిగి చూశాను. ఓడ వెనక తెల్ల అక్షరాలు. గుడ్ ఇంటెంట్. అంటే మంచి ఉద్దేశం. దాని కింద: బ్రిస్టల్.

మార్చి 10

మిస్ వెంబ్రీకి ఇలా రాశాను. "మీ ఊరి ఓడ మా ఊరి మనుషుల్ని అమ్మకానికి తీసుకెళ్ళబోతోంది. పేరు గుడ్ ఇంటెంట్. ఇంగ్లీషు జెండా కింద బానిసల్ని ఎక్కించడం మీ చట్టంలోనే నేరం. ఓనరు ఎవరో కనుక్కోండి. కనుక్కుని ఏం చేస్తారో రాయండి. కన్నీళ్ళు అక్కరలేదు."

మార్చి 20

ఇనాసియాని అమ్మేశారు.

పిల్లని కూడా పంపుతున్నారు. తల్లీబిడ్డల్ని విడదీయకూడదని చట్టం ఉంది కదా. చట్టానిది ఎంత మెత్తని మనసు!

మార్చి 21

తెప్పలవాళ్ళ పెద్ద జెఫెరీనో దగ్గరికి వెళ్ళాను. ఇసకలో కూర్చుని తెరచాప కుడుతున్నాడు. భార్య పక్కనే చేపలు ఎండబెడుతోంది.

"ఏటి పంతులమ్మా, ఇసకలోకి దిగినారు? జోళ్ళు పాడైపోతాయి."

సంగతి చెప్పాను.

"తెప్ప నాది కాదమ్మా, షావుకారుది. సేతులే నాయి."

"ఆ చేతులే అడుగుతున్నాను."

నవ్వాడు. "ఇంగ్లండోళ్ళతో ఉత్తరాలు నడుపుతున్నారంట గదా. ఆళ్ళేటైనా సాయం సేత్తారా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "చెయ్యరు. ఓపిక పట్టమని రాశారు."

"ఒసే," అని భార్యని కేకేశాడు, "ఇంగ్లండు నుంచి మనకి ఓపిక వచ్చిందంట. ఎక్కడ పెట్టమంటావే?"

"అటక మీద పెట్టు. కరువులో వచ్చింది ఇంకా అక్కడే ఉంది."

ముగ్గురం నవ్వాం. తర్వాత అతను సూది ఇసకలో గుచ్చాడు.

"కరువులో అమ్మేసినోళ్ళని ఓడ కాడికి నేనే మోసినాను పంతులమ్మా. ఒకావిడ నా కాలు పట్టుకుని ఒగ్గలేదు. ఓడ నిచ్చెన కాడ ఆవిడ సేతి ఏళ్ళు ఒక్కోటి నేనే ఊడదీసినాను. ఇప్పుడు పట్నంలో మావోళ్ళు తెప్పలు ఒడ్డుకి లాగి కూకున్నారు. మేం ఆళ్ళకన్నా తక్కువోళ్ళమా?"

"అయితే మాట ఇస్తావా?"

"మాటెందుకు? ఓడ వచ్చినరోజు సూడండి."

ఏప్రిల్ 2

నేను తెప్పలవాళ్ళతో మాట్లాడిన సంగతి ఊళ్ళో పొక్కింది. పదకొండు మంది పిల్లల్ని బడి మాన్పించారు. దోనా కార్లోటా తనే వచ్చింది, గొడుగు పట్టించుకుని.

"ఉర్సులినా, నిన్ను చదువుకున్నదానివని గౌరవించాను. నీ రక్తం ఎక్కడికి పోతుందిలే."

"ఎక్కడికీ పోలేదండీ, ఇక్కడే ఉంది."

నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమంది. నేను సాయంత్రానికే చేశాను. జెఫెరీనో తెరచాపలు దాచుకునే పాక ఇచ్చాడు. నల్లబల్లని ఇద్దరు జాలర్లు శవాన్ని మోసినట్టు మోసుకొచ్చారు. "ఏడవండ్రా ఎవరైనా" అని జెఫెరీనో భార్య వేళాకోళం.

ఏప్రిల్ 19, మంగళవారం

గుడ్ ఇంటెంట్ వచ్చింది. వరసగా రాస్తాను.

పొద్దున్న ఒడ్డుకి వెళ్ళేసరికి తెప్పలన్నీ ఇసక మీదికి లాగి ఉన్నాయి. తెరచాపలు లేవు, తెడ్లు లేవు. జాలర్లు వరసగా కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. ఉప్పు కొట్టం నుంచి పద్నాలుగు మందిని నడిపించుకొచ్చారు. ఇనాసియా రుఫీనా చెయ్యి పట్టుకుని ఉంది. షావుకారు అరిచాడు, గోడిన్యో కూలి రెట్టింపు అన్నాడు, తర్వాత ఇంకా పెంచాడు.

"జొరమండీ," అన్నాడు జెఫెరీనో.

"అందరికీనా?"

"అంటుకునే జొరం. పట్నం నుంచి వచ్చింది."

పోలీసు ఇనస్పెక్టరు నలుగురు జవాన్లని తెప్ప ఎక్కించాడు. వాళ్ళు కొండ ప్రాంతం వాళ్ళు, సముద్రాన్ని చూసి దండం పెట్టుకునే రకం. రెండో అల తెప్పని బోర్లించింది. టోపీలు తేలాయి, జవాన్లు తేలలేదు. జాలర్లే దూకి జుట్టు పట్టి లాక్కొచ్చారు. ఒడ్డంతా ఒకటే నవ్వు.

అప్పుడు ఓడ నుంచి పడవ దిగింది. ఓడ సొంత పడవ, ఆరుగురు నావికులు. ఈ సంగతి మేమెవరం ఆలోచించలేదు. నవ్వు ఆగిపోయింది. పడవ ఒడ్డుకి తగిలింది. తడిసిన పంట్లాంతో కెప్టెన్ టోజర్ దిగాడు. అతనికి మా పోర్చుగీసు ముక్క రాదు. గోడిన్యోకి ఇంగ్లీషు ముక్క రాదు.

గోడిన్యో టోపీ తీసి నా దగ్గరికొచ్చాడు. "టీచరు గారూ, ఒక్క మాట చెప్పిపెట్టండి. పద్నాలుగు మంది పనివాళ్ళు, ఇష్టపడే వస్తున్నారు, కాగితాలు సరిగ్గా ఉన్నాయి అని."

"తప్పకుండా చెబుతాను," అన్నాను.

ఇంగ్లీషులో చెప్పాను: "కెప్టెన్, వీళ్ళని పనివాళ్ళని చెప్పమంటున్నాడు. ఇతను బానిసల వ్యాపారి, వీళ్ళు బానిసలు. ఎవరూ ఇష్టపడి రావడం లేదు."

"పాసింజర్లని నాకు చెప్పారు."

"ఇప్పుడు నేను చెప్పాను కదా. ఇక తెలియదనడానికి లేదు. మీ ఓడ పేరు, మీ ఉద్దేశం బ్రిస్టల్‌కి రాసేశాను."

"ఎవరికి?"

"మిస్ డోర్కస్ వెంబ్రీకి."

అతను నా ముఖంలోకి చూసి, అదోలా నవ్వాడు. "మా ఓనరు పేరు వెంబ్రీ. ఆవిడ ఆయన చెల్లెలు. ఆ ఇంట్లోనే ఉంటుంది."

దొంగ ఇంటికే ఫిర్యాదు పంపానన్నమాట. ఆ ఉత్తరం ఈపాటికి పొయ్యిలో ఉంటుంది. కానీ నా మనసులో ఉన్నది అతనికి కనిపించదు.

"మంచిదే," అన్నాను. "అయితే ఓనరు చేతికి త్వరగానే అందుతుంది. ఒడ్డు మీద ఎవరు ఏమన్నారో, మీరు ఏం చేశారో రెండో ఉత్తరం ఈ రోజే రాస్తాను. ఒకటి ఆ ఇంటికి, ఒకటి పత్రికలకి. కేసు అయితే బోనులో నిలబడేది ఓనరు కాదు, మీరు."

"ఏమంటున్నాడు?" ఇనాసియా అరిచింది. జరిగిందంతా ఒడ్డు మొత్తానికి వినబడేలా మా భాషలో చెప్పాను.

"పాసింజరునా నేను?" అంది ఇనాసియా. "అయితే నాకు ప్రయాణం ఇష్టం లేదని చెప్పండి!"

చెప్పాను. నావికుల్లో ఒకడు పక్కున నవ్వాడు. కెప్టెన్ అతని వైపు చూడలేదు, గోడిన్యో వైపూ చూడలేదు. పడవని నీళ్ళలోకి నెట్టమన్నాడు. మధ్యాహ్నానికి స్టీమరు కూతవేసి వెళ్ళిపోయింది.

గోడిన్యో నా పక్కనుంచి వెళ్తూ ఒక మాటన్నాడు. అది రాయను. మిస్ వెంబ్రీ మొరటు సంగతులు వద్దన్నారు.

ఏప్రిల్ 20

పద్నాలుగు మందినీ మళ్ళీ ఉప్పు కొట్టంలో పెట్టారు. మేం గెలిచింది ఓడని, తాళాన్ని కాదు.

బ్రిస్టల్‌కి జరిగిందంతా రాశాను. చివర ఒకే ప్రశ్న. మీకు తెలుసా?

ఏప్రిల్ 26

గోడిన్యో వాళ్ళని రోడ్డు దారిన ఇంకో రేవుకి నడిపిస్తానన్నాడు, రేపే. రోజూ పొద్దున్న ఆ జనాన్ని కడుక్కోవడానికి సముద్రం దగ్గరికి తెస్తారు, ఇద్దరు జవాన్ల కాపలాతో. ఈ పొద్దున వేటకి బయల్దేరిన తెప్పల్లో అయిదు దారి మార్చుకుని ఒడ్డువారగా వచ్చాయి. జెఫెరీనో ఈల వేశాడు. ఇనాసియా పిల్లని భుజాన వేసుకుని నడుముల్లోతు నీళ్ళలోకి నడిచింది, బట్టలు జాడించడానికి వెళ్తున్నట్టు. వెనక్కి చూడలేదు.

జవాన్లు పరిగెత్తారు. మొన్న మునిగినవాళ్ళే. అల మొదట్లో ఆగిపోయారు.

తొమ్మిది మంది ఎక్కారు. అయిదుగురు ఎక్కలేకపోయారు. ముసలి మత్తియాస్, కాలు బాగాలేని డమియానా, అన్నదమ్ములు క్లెమెంతే, బ్రావ్లియో, ఇంకా పేరు అడిగినా చెప్పని ఒక అమ్మాయి. డమియానా నీళ్ళదాకా వచ్చింది. ఒక జవాను ఆమె జుట్టు పట్టుకున్నాడు.

నేను ఒడ్డు మీదే ఉన్నాను. నా గొడుగుతో ఆ జవానుని కొట్టాను. గొడుగు విరిగింది. అతను వదల్లేదు.

ఏప్రిల్ 29

ఇనస్పెక్టరు జాలర్లందర్నీ పిలిచి అడిగాడు, అయిదు తెప్పలు ఏమయ్యాయని. అందరిదీ ఒకటే మాట: గాలి లాగేసింది. ఏ గాలిరా? సముద్రపు గాలి దొరా, మొండి గాలి. ఇద్దర్ని రాత్రి లాకప్పులో ఉంచి వదిలేశాడు. ఈస్టరు చేపల బాకీ ఆయన ఇంకా తీర్చలేదు.

అయిదుగుర్నీ మొన్ననే నడిపించుకుపోయారు. నాలుగు పేర్లూ, అయిదో ఆమె పేరు తెలియదన్న మాటా బ్రిస్టల్‌కి పంపాను.

అనాక్లెతో గారు పాకకి వచ్చారు, మొదటిసారి. లండన్‌కి పంపడానికి ఉత్తరం తెచ్చారు. "మా సంఘం నాయకత్వంలో ఓడ వెనుదిరిగినది" అని మొదలు. అనువదించమన్నారు.

అనువదించాను. "మా సంఘం" అన్నచోటల్లా "తెప్పలవాళ్ళు" అని రాశాను. ఆయన చూసుకుని, దస్తూరీ చాలా బాగుందని మెచ్చుకుని ముద్ర వేశారు.

మే 3

గాలి లాగేసిన తెప్పలు తిరిగొచ్చాయి. తొమ్మిది మందీ పట్నం చేరారు. అక్కడి సంఘం వాళ్ళు వేరువేరు ఇళ్ళలో దాచారు. గోడిన్యో కోర్టుకి వెళ్ళాడట. వెళ్ళనీ.

జెఫెరీనోని అడిగాను, ఇనాసియా ఏమైనా చెప్పిందా అని.

"తెప్ప మీద ఉన్నంతసేపూ కక్కుతూనే ఉంది. సముద్రం అంటే ఒల్లమాలిన భయం అంట. ముందే సెప్పొచ్చు గదా!"

జూన్ 8, బుధవారం

మిస్ వెంబ్రీ ఉత్తరం. తెల్ల కాగితం. ముద్ర లేదు.

ఓడ సంగతి తనకి తెలియదట. అన్నగారిని టిఫిను బల్ల దగ్గర అడిగిందట. పాసింజర్లని ఆయనా అన్నాడు, గుడ్డు ఒలుచుకుంటూ. అప్పుడు నా ఉత్తరం, ఇనాసియా మాటలు కమిటీ మీటింగులో చదివింది. కోశాధికారి ఆవిడ వదినే. కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు. "నేను జీవితంలో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది" అని రాసింది. కమిటీ నుంచి తీసేశారు. అన్నగారిల్లు వదిలి, చెప్పులు కుట్టేవాళ్ళ ఇంటి పైన గది తీసుకుంది. నా రెండు ఉత్తరాలూ మేజిస్ట్రేటుకి ఇచ్చింది, సొంత అన్న మీద. కేసు నిలబడుతుందో లేదో చెప్పలేనంది. నిలబడకపోతే మళ్ళీ ఇస్తానంది.

"మీ స్నేహితురాలికి జవాబు: వంటమనిషికి జీతం ఇచ్చేదాన్ని. తిట్టేదాన్ని కూడా. కాఫీ బ్రెజిల్‌దే. ఆ అయిదుగురి జాబితా గోడకి అంటించుకున్నాను. ఇక మీదట ఏమీ వదలకుండా రాయండి."

మూడుసార్లు చదివాను. తర్వాత డమియానా జుట్టు సంగతి, గోడిన్యో అన్న మాట సంగతి, కరువులో ఓడల మీద ఏం జరిగేదో, మా అవ్వ చెప్పినవన్నీ రాయడం మొదలుపెట్టాను. పద్నాలుగు పేజీలయ్యాయి. ఇంకా ఉంది.

జూన్ 20

బడి మూసెయ్యాలని ఉత్తర్వు. జవాను తెచ్చాడు, నేను గొడుగుతో కొట్టినవాడే. చదివి వినిపించడం పద్ధతి. అతనికి చదువు రాదు. నేనే చదివి వినిపించాను. మొత్తం.

అతను వెళ్ళలేదు. గడప దగ్గర నిలబడి కాగితంలో తన పేరు ఎక్కడుందని అడిగాడు. చూపించాను. వేలు పెట్టి, మొదటి అక్షరం ఏమిటన్నాడు.

కూర్చోమన్నాను. పిల్లలు జరిగారు.